గౌను, జడ, తలగుడ్డ: నల్లజాతి ఉద్యమ స్త్రీల బట్టల గురించి మాట్లాడుకుందాం

దారప్పోగు | హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను టెక్స్‌టైల్ డిజైన్ రెండో ఏడు చదువుతున్నాను. వచ్చే నెల సెమినార్‌కి ఒక విషయం ఎంచుకున్నాను. నల్లజాతి స్త్రీలు ఉద్యమాల్లో ఏం కట్టుకున్నారు, జుట్టు ఎలా పెట్టుకున్నారు, ఆ ఫొటోలు ఆన్‌లైన్‌లో ఏం పని చేస్తున్నాయి అన్నది. క్లాసులో చెప్పగానే ఒకమ్మాయి "మనుషులు చచ్చిపోతుంటే గౌన్ల గురించి మాట్లాడతావా?" అంది. నాకు జవాబు తట్టలేదు. రాత్రంతా తలలో అదే మాట.

నన్ను ఇందులోకి లాగింది ఒక ఫొటో. 2016 జులై 9న లూసియానాలోని బాటన్ రూజ్‌లో రాయిటర్స్ కోసం జోనథన్ బాక్‌మన్ తీశాడు. అంతకు నాలుగు రోజుల ముందు ఆ ఊళ్ళో ఆల్టన్ స్టెర్లింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు కాల్చి చంపారు. జనం రోడ్డెక్కారు. ఫొటోలో ఈషియా ఎవాన్స్ అనే నర్సు రోడ్డు మధ్య నిటారుగా నిలబడి ఉంటుంది. ఒంటి మీద పల్చటి పొడుగు గౌను, అంచు గాలికి ఎగురుతూ. ఆమెను పట్టుకోవడానికి ఇద్దరు పోలీసులు తలకి హెల్మెట్లు, ఒళ్ళంతా కవచాలతో దూసుకొచ్చారు. వాళ్ళ వెనక ఇంకో బారు. కానీ చూడండి, వెనక్కి తూలుతున్నట్టు కనిపించేది ఆ ఇద్దరే.

ఆమె ఒంటి మీద జీన్సూ జాకెట్టూ ఉంటే ఆ ఫొటో ఇన్ని దేశాలు తిరిగేదా? నాకు అనుమానమే. మీకు తెలిసినవి చెప్పండి. పుస్తకాల్లోవే కాదు, కళ్ళతో చూసినవి కూడా.


పల్లేరుకాయ | వరంగల్

చెల్లె, కోపం తెచ్చుకోకు. ఆ పిల్ల అడిగినదాంట్ల తప్పేం లేదు. ఉద్యమం అంటే చట్టం మారాలె, జైల్ల ఉన్నోళ్ళు బయటికి రావాలె. నేను పదేండ్లు యూనియన్ల పనిచేసిన. ఎర్ర కండువ కప్పుకున్నోళ్ళందరు కార్మికుని పక్కన నిలబడలేదు, నా కండ్లతోని చూసిన. రేపు ఏదో ఒక కంపెనీ నల్లజాతి ఉద్యమం గుర్తైన పిడికిలి బొమ్మనే టీషర్టు మీద ఏసి అమ్ముతది. కొన్నోళ్ళు ఫొటో దిగి పెడ్తరు. ఆడికి అయిపాయె. గిది ఎటకారానికి అంటలేను, నిజంగనే అడుగుతున్న.


నీలికోక | విజయవాడ

పల్లేరుకాయ గారూ, మీరన్న మాట అమెరికా నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ ఎప్పుడో అన్నారు, అదీ తన గురించే.

1970లో ఆమెను ఎఫ్‌బీఐ తాను ముఖ్యంగా గాలిస్తున్న పదిమంది జాబితాలో పెట్టింది. గుండ్రటి ఆఫ్రో జుట్టుతో ఉన్న ఆమె ఫొటో దేశమంతా గోడలకెక్కింది. అక్టోబరులో పట్టుకున్నారు, 1972 జూన్‌లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. 1994లో ఆమె ఒక వ్యాసం రాశారు. కొత్త తరం పిల్లలకు తను "ఆ ఆఫ్రో ఆవిడ"గా మాత్రమే గుర్తుండటం ఎంత అవమానంగా ఉందో చెప్పారు. అప్పటికే ఒక పత్రిక ఆమె అజ్ఞాతవాసం, అరెస్టు ఘట్టాలను మోడల్‌ని పెట్టి ఫ్యాషన్ బొమ్మలుగా మళ్ళీ తీసింది కూడా. విముక్తి కోసం చేసిన రాజకీయం ఫ్యాషన్ కింద మిగిలిందన్నది ఆమె బాధ.

అయితే ఆ వ్యాసంలోనే ఇంకో సంగతి ఉంది. ఆ పోస్టర్ పుణ్యమా అని ఆఫ్రో జుట్టున్న ఎంతోమంది స్త్రీలను పోలీసులు ఆపి, సోదా చేసి, వేధించారు. వాళ్ళెవరికీ అది అలంకారం కాదు. జుట్టు అలా వదిలి వీధిలోకి రావడమంటే పోలీసు చెయ్యి మీద పడటానికి సిద్ధపడి రావడమే.

నాది బొటిక్. కొలతలు తీయడం నా పని. బట్ట మారితే మనిషి నడక మారడం రోజూ చూస్తాను, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోలేను. దారప్పోగు చెల్లీ, నువ్వు 1960ల విద్యార్థుల సంగతి తప్పకుండా చూడు. మొదట్లో నల్లవాళ్ళకి వడ్డించని హోటల్ కౌంటర్ల దగ్గర బైఠాయించిన అమ్మాయిలు చర్చికి వెళ్ళే ఆదివారం బట్టలు వేసుకునేవాళ్ళు. ఇస్త్రీ మడతలు, మేజోళ్ళు, సాపు చేసిన జుట్టు. వేలెత్తి చూపే అవకాశం ఇవ్వకూడదని. తర్వాత విద్యార్థి అహింసా సమన్వయ సంఘం వాళ్ళు మిసిసిపీ పల్లెలకు వెళ్ళాక చాలామంది అమ్మాయిలు అవి వదిలేసి, అక్కడి కౌలు రైతులు తొడుక్కునే డెనిమ్ ఓవరాల్స్‌లోకి మారారు. తనీషా ఫోర్డ్ అనే చరిత్రకారిణి 2015లో వచ్చిన తన పుస్తకంలో దీని గురించి వివరంగా రాశారు. మట్టిరోడ్ల మీద తిరిగేవాళ్ళకి గట్టి బట్ట, పెద్ద జేబులు కావాలి. దానితోపాటు, పొలంలో పనిచేసే ఆడమనిషి ముందు పట్నం అమ్మాయిలా నిలబడకూడదనుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళకి మాత్రం అది తలవంపులుగా అనిపించింది. కూతురు కాలేజీకి పోయి కూలిబట్టల్లో తిరగడమేమిటని.


కోర్టుమెట్లు | హైదరాబాద్

చట్టం అడిగారు కాబట్టి నేను మాట్లాడతాను. ఇక్కడ జుట్టే చట్టం అయింది.

1981లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో రెనీ రోజర్స్ అనే ఉద్యోగిని అమెరికన్ ఎయిర్‌లైన్స్ మీద వేసిన కేసు ఓడిపోయారు. ఆమె కార్న్‌రోలు అల్లుకుని డ్యూటీకి వచ్చారు. అంటే నెత్తికి అంటుకునేలా వరసలుగా అల్లే సన్నజడలు. కంపెనీ నిబంధన ఒప్పుకోదంది. చర్మం రంగు మారదు కానీ జడ విప్పుకోవచ్చు కదా, కాబట్టి ఇది జాతి వివక్ష కాదు అన్నది కోర్టు తర్కం. ఈ తర్కం చచ్చిపోలేదు. డ్రెడ్‌లాక్స్, అంటే జటల్లా కట్టిన జుట్టు, కత్తిరించుకోనందుకు అలబామాలో ఒకామెకు ఇచ్చిన ఉద్యోగం వెనక్కి తీసుకుంటే, 2016లో అప్పీల్ కోర్టు మళ్ళీ అదే చెప్పింది. మార్చుకోగలిగినదానికి రక్షణ లేదట.

దీనికి జవాబుగా వచ్చింది క్రౌన్ చట్టం. 2019 జులైలో మొదట కాలిఫోర్నియా చేసింది, అదే నెలలో న్యూయార్క్. జాతికి సహజమైన జుట్టునీ, అల్లికలనీ సాకుగా చూపి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని దాని సారం. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభ దాటింది కానీ సెనేట్‌లో ఆగిపోయింది. అందుకని దేశమంతటికీ ఒకే చట్టం లేదు, రాష్ట్రాల వారీగా నడుస్తోంది.

పల్లేరుకాయ గారూ, ఈ చట్టం కోసం తిరిగినవాళ్ళు చేసినదాంట్లో సగం పని ఆన్‌లైన్‌లో తమ జుట్టు చూపించి, తమకు జరిగింది చెప్పడమే. వాదించే లాయర్‌కి మొదట అన్యాయం కనపడాలి కదా. కనపడేలా చేసింది వాళ్ళే.


సుద్దముక్క | కర్నూలు

నేను టీచర్ని. దక్షిణాఫ్రికా సంగతి కూడా చేర్చండి. 2016 ఆగస్టులో ప్రిటోరియాలో ఒక బాలికల హైస్కూల్లో నల్లజాతి అమ్మాయిలు తమ జుట్టు మీద పెట్టిన ఆంక్షలకు ఎదురుతిరిగారు. ముందున్న జులైఖా పటేల్‌కి అప్పుడు 13 ఏళ్ళు. పెద్ద ఆఫ్రో, స్కూల్ యూనిఫారం, తలపైన రెండు చేతులూ అడ్డంగా పెట్టి నిలబడింది. ఆ వీడియో దేశమంతా తిరిగింది, విచారణ వేశారు. ఎనిమిదో తరగతి పిల్లల వయసది. అంత చిన్నపిల్ల చేతులు పైకెత్తి నిలబడాల్సి వచ్చిందంటే బడి నడిపేవాళ్ళం మేం తలదించుకోవాలి.


హ్యూస్టన్ అమ్మ | టెక్సాస్

నాలుగు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను.

మాది తెనాలి. మావారు ఆఫ్రికన్ అమెరికన్, వాళ్ళ అమ్మగారిది న్యూ ఆర్లీన్స్. మా పాపకి తొమ్మిదేళ్ళు. పాప పుట్టినప్పుడు జుట్టు గురించి నాకు అన్నీ తెలుసనుకున్నాను. అమ్మ దగ్గర నేర్చుకున్నదే, తలంటి, నూనె పెట్టి, సన్నపళ్ళ దువ్వెనతో మాడు నుంచి కిందికి. మొదటిసారి అలా దువ్వినప్పుడు పాప ఏడుపుకి మా అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. దువ్వెన నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, నీళ్ళు చల్లి, జుట్టుని నాలుగు పాయలు తీసి, ఒక్కో పాయ పిడికిట్లో పట్టుకుని కొసల నుంచి పైకి వేళ్ళతో విడదీశారు. నేను తలకిందులుగా దువ్వుతున్నానన్నమాట. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మా ఇద్దరికీ అదే పని. మూడు గంటలు పడుతుంది. కొబ్బరినూనె మాత్రం నాదే, అందులో ఆవిడ వేలు పెట్టరు. జడల కొసలకి పూసలు గుచ్చుతాం. రాత్రి జుట్టు చెదరకుండా సాటిన్ టోపీ.

రెండో తరగతిలో ఉండగా బడివాళ్ళు పిలిచారు. పూసల జడలు "శుభ్రంగా లేవు", పూసలు చప్పుడవుతున్నాయి, మిగతా పిల్లలకి ఇబ్బంది అన్నారు. పాప నా పక్కనే కూర్చుని వింటోంది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, "అమ్మా, నీ జడ చప్పుడు కాదు కదా, నాకూ అలాంటిది వెయ్యి" అంది. ఏం చెప్పను?

ఆ రాత్రి అత్తగారు తన మాడు చూపించారు. చెవి వెనక వెంట్రుక మొలవని మచ్చ. పన్నెండేళ్ళ వయసులో జుట్టు సాపు చెయ్యడానికి పెట్టిన రిలాక్సర్ కాల్చిన చోటు. అందులో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్. మన దగ్గర సబ్బుకి వాడే కాస్టిక్ సోడా. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధ్యయనం ఒకటి వచ్చింది, 33 వేలకు పైగా స్త్రీలని గమనించి చేసింది. జుట్టు సాపు చేసే మందులు వాడనివాళ్ళలో 70 ఏళ్ళ వయసుకి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం అయితే, తరచూ వాడేవాళ్ళలో 4.05 శాతం అని అంచనా. అంటే ఉద్యోగానికి, బడికి "శుభ్రంగా" కనపడటానికి ఈ ఆడవాళ్ళు తలకి రాసుకున్నది అది.

టెక్సాస్‌లో క్రౌన్ చట్టం 2023 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ కాగితం ప్రింట్ తీసి పాప ఫైల్లో పెట్టాను. పాప ఇప్పుడు మళ్ళీ పూసలు పెట్టుకుంటోంది.

పల్లేరుకాయ అన్నా, 2020 జనవరిలో అయానా ప్రెస్లీ అనే కాంగ్రెస్ సభ్యురాలు ఒక వీడియోలో విగ్గు తీసేసి, అలోపీషియా అనే జబ్బుతో తన జుట్టంతా ఊడిపోయిందని చెప్పారు. అంతకుముందు ఆవిడ సన్నజడలు చూసి తమ జుట్టుని ఇష్టపడటం నేర్చుకున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళకి జవాబు చెప్పుకోవాలి కదా అని ముందుకొచ్చారావిడ. మా అత్తగారు ఆ వీడియో రెండుసార్లు చూసి, లేచి వెళ్ళి మొహం కడుక్కున్నారు.


పల్లేరుకాయ | వరంగల్

అక్కా, నీ బిడ్డ మాట చదివి ఫోన్ పక్కకు పెట్టిన. నేను టీషర్టుల గురించి మాట్లాడిన, మీరు వేరే ముచ్చట చెప్తున్రు. జుట్టు సంగతి నాకు గిట్ల తెల్వది. కానీ టీషర్టుల మీద నా మాట వాపసు తీస్కోను.


దారప్పోగు | హైదరాబాద్

తీసుకోవద్దన్నా, అది కూడా నా సెమినార్‌లో ఉంటుంది.

బట్ట ఆన్‌లైన్‌లో ఎలా మాట్లాడుతుందో ఒకటి చెబుతాను. 2014 ఆగస్టులో అమెరికాలోని ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాక ట్విటర్‌లో ఒక హ్యాష్‌ట్యాగ్ నడిచింది. "నన్ను కాల్చేస్తే ఏ ఫొటో వేస్తారు?" అని దాని అర్థం. నల్లజాతి అమ్మాయిలు, అబ్బాయిలు తమవే రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో పట్టా తీసుకునే గౌను, లేదా సైనిక యూనిఫారం. ఇంకోదాంట్లో హుడీ, పార్టీ బట్టలు. మనిషి ఒక్కరే. బట్టని బట్టి మన మనసులో తీర్పు మారిపోతోందని చెప్పడానికి వాళ్ళు ఒక్క వాక్యం వివరణ కూడా రాయక్కర్లేకపోయింది. ఇందులో కంపెనీ లేదు, అమ్మకం లేదు. బీరువాలో ఉన్న బట్టలే.


సాయంకాలం ఆట | విశాఖ

టెన్నిస్ క్రీడాకారిణి నయోమి ఒసాకా మాస్కులు మర్చిపోకండి. 2020 యూఎస్ ఓపెన్‌లో ఏడు మ్యాచ్‌లకి ఏడు నల్ల మాస్కులు తెచ్చుకుంది, ఒక్కో దాని మీద అన్యాయంగా చంపబడిన ఒక నల్లజాతి మనిషి పేరు. మొదటిది బ్రియానా టేలర్. ఏడూ చూపించాలంటే ఫైనల్ దాకా రావాలి. వచ్చింది, గెలిచింది. మీ సందేశం ఏమిటని అడిగితే, మీకేం అర్థమైందో అదే అసలు ప్రశ్న అన్నట్టు జవాబిచ్చింది.


నీలికోక | విజయవాడ

బ్రియానా పేరు వచ్చింది కాబట్టి పల్లేరుకాయ గారికి టీషర్టుల మాట చెబుతాను. 2020 మార్చిలో లూయీవిల్‌లో అర్ధరాత్రి పోలీసులు ఇంట్లోకి చొరబడి కాల్చడంతో చనిపోయిన అమ్మాయి, 26 ఏళ్ళు. ఆమె పేరుతో వచ్చిన సరుకు చూసి చాలామంది నల్లజాతి స్త్రీలే మండిపడ్డారు. చచ్చిపోయిన పిల్లని బ్రాండ్ చేస్తారా అని. అందులో నేను వాళ్ళ పక్షమే, మీ పక్షమే.

కానీ అదే ఏడాది ఎమీ షెరాల్డ్ అనే చిత్రకారిణి ఆ అమ్మాయి బొమ్మ వేశారు, ఒక పత్రిక ముఖచిత్రం కోసం. బొమ్మలో నెమలికంఠం రంగుకి దగ్గరగా పొడుగు గౌను, వెనక గోడ కూడా అదే రంగు. దాన్ని కుట్టించింది అట్లాంటా డిజైనర్ జాస్మిన్ ఎల్డర్. చనిపోయిన మనిషికి కొలతలు ఎలా తీస్తారు? షెరాల్డ్ ఆ అమ్మాయి ఒడ్డూ పొడుగూ ఉన్న ఇంకొకామెను వెతికి ఆమెకు ఆ గౌను తొడిగించి చూసుకున్నారు. వేలికి ఉంగరం ఉంటుంది. ప్రేమించినవాడు ఇవ్వాలనుకుని, ఇవ్వలేకపోయిన నిశ్చితార్థపు ఉంగరం. వార్తల్లో ఆమెను కాల్పులతోనే చూపించారు. ఈ ఇద్దరు ఆడవాళ్ళు ఆమెకు పండక్కి వెళ్ళే బట్ట తొడిగారు. నా షాపులో కత్తెర పట్టుకున్నప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.


దారప్పోగు | హైదరాబాద్

అక్కా, ఇది నాకు తెలియదు. కళ్ళు చెమ్మగిల్లాయి.

హ్యూస్టన్ అమ్మ గారూ, మీ అత్తగారిది న్యూ ఆర్లీన్స్ అన్నారు కాబట్టి ఒకటి అడగాలి. 1786లో ఆ ఊరున్న లూసియానా స్పెయిన్ కింద ఉన్నప్పుడు గవర్నర్ ఎస్తెబాన్ మిరో ఒక ఆజ్ఞ వేశాడు. బానిసత్వం లేని స్వతంత్ర నల్లజాతి స్త్రీలు మరీ అందంగా తయారవుతున్నారని, ఇకపై జుట్టులో ఈకలు, నగలు పెట్టకూడదని, తలకి గుడ్డ కట్టుకోవాలని. వాళ్ళు కట్టుకున్నారు. కానీ మంచి మంచి రంగుల గళ్ళ రుమాళ్ళు ఎంచి, ఎత్తుగా, మడతలు మడతలుగా కట్టారు. తగ్గించడానికి పెట్టిన గుడ్డ తలమీద కిరీటమైంది. దాన్ని టిగ్నాన్ అంటారు. ఆ గుడ్డ పేరు మద్రాస్. మీ అత్తగారికి కట్టడం వచ్చా?


గుంటమగ్గం | చీరాల

అమ్మాయ్, మద్రాసు రుమాలు అన్నావు గనక చెబుతున్నా. వయసు డెబ్భై దాటింది, మనవడు టైపు చేస్తున్నాడు.

మద్రాసు రేవులో ఓడెక్కింది గనక ఆ పేరు వచ్చింది గానీ, ఆ బట్ట మా వైపు కూడా నేసేవాళ్ళు. మా నాన్న, నేను గుంటమగ్గం మీద నేసినవాళ్ళమే. మా అమ్మ ఆసు పోసేది, చెల్లెళ్ళు కండెలు చుట్టేవాళ్ళు. నూలు చిలపలకి ముందే రంగు వేయించుకుని, పడుగులో ఏ రంగు ఎన్ని పోగులో పేకలోనూ అన్నే. ఒక్క పోగు తప్పితే గడి వంకర పోతుంది, షావుకారు కొనడు. ఆఫ్రికా వెళ్తుందని తెలుసు. నైజీరియాలో కలబారి అనే వాళ్ళు దాన్ని ఇంజిరి అంటారని, అక్కడి ఆడవాళ్ళు బ్లేడుతో కొన్ని పోగులు కోసి లాగేసి కొత్త బొమ్మ తెస్తారని పరిశోధనకి వచ్చినవాళ్ళు చెప్పారు. మేం నేసిన గడిని కోస్తారా అని అప్పుడు మా నాన్నకి మనసు చివుక్కుమంది. ఫొటో చూపించాక, "మనకంటే పనిమంతులు" అన్నాడు.

ఈ తలగుడ్డ కథ మాత్రం ఇప్పుడే వింటున్నా. మా తాతల చేతి గుడ్డ ఆ తల్లులకి పనికొచ్చిందంటే పొంగిపోయానమ్మా.


కోర్టుమెట్లు | హైదరాబాద్

పెద్దాయనా, నొప్పిస్తానేమో, కానీ దాచడం న్యాయం కాదు. 18వ శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి ఐరోపా కంపెనీలు తీసుకెళ్ళిన నూలు బట్టల్లో కొంత పశ్చిమాఫ్రికా తీరంలో దిగింది. అక్కడ దాన్నిచ్చి మనుషుల్ని కొన్నారు. బానిసల వ్యాపారంలో మన బట్ట మారకంగా నడిచింది.


గుంటమగ్గం | చీరాల

రెండు రోజులు ఏం రాయాలో తోచలేదు.

నేసినవాడికి ఓడ ఎక్కడికి పోతుందో తెలియదు బాబూ. మా వాళ్ళు బయానా అప్పుల్లో మునిగి నేసినవాళ్ళు. అయినా తెలియదన్న మాటతో నా మనసు ఊరుకోవడం లేదు. బట్టనిచ్చి మనుషుల్ని కొన్నారు, వాళ్ళ పిల్లల పిల్లలు అదే బట్ట తలకి చుట్టుకుని నిలబడ్డారు. ట్రంకు పెట్టె తీయించాను. అడుగున ఒక రుమాలు ఉంది, ఎరుపు, నీలం, పసుపు గళ్ళు. మా నాన్న చేతిది. గంజి ఇంకా పోలేదు.

హ్యూస్టన్‌లో ఉన్న తల్లీ, మీ అత్తగారికి పంపుతాను. అడ్రసు ఇక్కడ రాయొద్దు, విడిగా మెసేజ్ పెట్టు.


పల్లేరుకాయ | వరంగల్

తాతా, దండం. ఇగ నేనేం అడగ.


హ్యూస్టన్ అమ్మ | టెక్సాస్

బాబాయ్ గారూ, మీ పోస్టు అత్తగారికి ఇంగ్లీషులో చదివి వినిపించాను. కోర్టుమెట్లు గారు రాసింది కూడా, ఏదీ తీసెయ్యకుండా. చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడకి వాళ్ళ అమ్మమ్మ కట్టేది గుర్తుందట. వేళ్ళతో గాలిలో మడతలు పెట్టి పాపకి చూపించారు. తర్వాత ఒక ప్రశ్న అడగమన్నారు. ఆ రుమాలుకి పైవైపు ఏది, లోపలివైపు ఏది అని.


గుంటమగ్గం | చీరాల

రంగు నూలుతో నేసింది కదమ్మా, అద్దకం కాదు. రెండు వైపులా ఒకటేనని చెప్పు. ఎటు తిప్పి కట్టినా ఫరవాలేదు. మొదటిసారి మాత్రం ఉప్పు వేసిన చన్నీళ్ళలో ఒక్కదాన్నే విడిగా జాడించమను, ఎరుపు కాస్త దిగుతుంది.